డిస్కంకూ ఇంధన పొదుపు చట్టం ఉంది సరే, కొలవని మోటార్ల కరెంటును ఏ ఖాతాలో రాయాలి?

లెక్కల_ఏఈ | ఆదివారం, ఉదయం 7:10

నేను ఒక డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ చేసే కంపెనీలో, ఎనర్జీ ఆడిట్ విభాగంలో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును). ఇక్కడికొచ్చి ఏడాదిన్నర. అంతకుముందు సెక్షన్‌లో పనిచేశాను కాబట్టి తీగలు తెలుసు, కాగితాలే ఇప్పుడిప్పుడు తెలుస్తున్నాయి. ఒక విషయం కొన్నాళ్లుగా మనసును తొలిచేస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెబుతారని అడుగుతున్నాను.

కరెంటు పొదుపు అనగానే జనానికి గుర్తొచ్చేది ఫ్యాను ఆపమని, లైటు ఆర్పమని చెప్పే పోస్టర్లు. డిసెంబరు 14న ఏటా ర్యాలీ కూడా తీస్తాం. అయితే ఇంధన పొదుపు చట్టం 2001 ఇప్పుడు జనానికి చెప్పే మా మీద కూడా వర్తిస్తుందన్న సంగతి బయట చాలామందికి తెలియదు. మొదట్లో ఇది సిమెంటు, స్టీలు, ఎరువులు, థర్మల్ స్టేషన్ల లాంటి పెద్ద వాడకందార్లకే ఉండేది. ఆ చట్టం కింద ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టే 'పాట్' పథకం తొలి విడత 2012-15లో 478 సంస్థలుంటే వాటిలో డిస్కం ఒక్కటీ లేదు. రెండో విడతలో, అంటే 2016-19లో, ఏటా 1000 మిలియన్ యూనిట్లు, ఆపైన నష్టపోయే డిస్కంలను చేర్చారు. 2020 సెప్టెంబరులో పంపిణీ లైసెన్సున్న ప్రతి సంస్థనూ తెచ్చారు. 2021 అక్టోబరులో బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) నిబంధనలొచ్చాయి. మూడు నెలలకోసారి ఎనర్జీ అకౌంటింగ్ చేసి బయటపెట్టాలి. ఏడాదికోసారి బయటి అక్రెడిటెడ్ ఆడిటర్‌తో ఆడిట్ చేయించాలి. ఏ వోల్టేజీలో ఎంత పోయింది, ఏ ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైనులో) ఎంత పోయింది అన్నీ చూపించాలి.

నా బాధల్లా ఆ ఫారంలోని ఒక్క గడి గురించి. వ్యవసాయం అని ఉంటుంది. మా దగ్గర మోటార్లకు మీటర్లు లేవు. ఆ గడిలో నేను నింపేది అంచనా. అది కాస్త అటూ ఇటూ అయితే కింద ఉన్న 'నష్టం' అనే గడి మొత్తం మారిపోతుంది. సంతకం మా ఎనర్జీ మేనేజరుది, అంకె తయారుచేసేది నేను. దీన్ని నిజాయితీగా చేసే దారి ఏమైనా ఉందా?

---

రిటైర్డ్_ఏడీఈ | ఆదివారం, ఉదయం 8:02

తమ్ముడూ, ఈ ప్రశ్న నువ్వు అడిగినందుకు సంతోషంగా ఉంది. నా సర్వీసులో పాతికేళ్లు ఆ గడిని నింపుతూనే గడిచాయి.

తెలియనివాళ్ల కోసం లెక్క విప్పి చెబుతాను. ఒక ఫీడర్‌కు సబ్‌స్టేషన్ నుంచి 10 లక్షల యూనిట్లు వెళ్లాయనుకోండి. ఇళ్లు, దుకాణాలు, రైసు మిల్లు, అన్నిటి మీటర్లూ కలిపితే 5 లక్షలు. మిగతా 5 లక్షలు పొలానికి పోయినవి, తీగల్లో పోయినవి, దొంగతనంగా పోయినవి కలిపి. మోటార్లు 4 లక్షలు వాడాయని రాస్తే నష్టం 10 శాతం. మూడున్నర లక్షలే వాడాయని రాస్తే నష్టం 15 శాతం. ఒకే తీగ, ఒకే కరెంటు, ఒకే ఊరు. కాగితం మీద ఒకచోట మంచి డిస్కం, ఇంకోచోట చెడ్డ డిస్కం.

రెండు తెలియని సంఖ్యలకు ఒక్కటే సమీకరణం ఉంటే జవాబు రాదని ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. మనం ఇన్నేళ్లూ ఆ జవాబే రాస్తూ వచ్చాం.

అయితే అంచనా అంటే నోటికొచ్చింది రాయడం కూడా కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చెప్పిన పద్ధతి ఒకటుంది, విద్యుత్ నియంత్రణ కమిషన్లు ఒప్పుకున్నది. మోటార్లకు మాత్రమే కరెంటిచ్చే డీటీఆర్‌లలో (పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో) కొన్నిటిని శాంపిల్‌గా తీసి వాటి ఎల్‌టీ వైపు, అంటే తక్కువ వోల్టేజీ వైపు, మీటర్లు పెట్టి, ఆ రీడింగులను సామర్థ్యాన్ని బట్టి మొత్తం డీటీఆర్‌లకు విస్తరిస్తారు. పద్ధతిలో తప్పులేదు. ఆ శాంపిల్ మీటర్లు పనిచేస్తున్నాయా అన్నదే ప్రశ్న. వానకు తడిసినవి, సీటీ (కరెంటును కొలతకు తగ్గించి మీటరుకిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మరు) కాలినవి, డీటీఆర్ మార్చినప్పుడు పక్కన పడేసినవి, నేను కళ్లారా చూశాను.

---

బోరుబావి_రైతు | ఆదివారం, ఉదయం 9:30

సార్లకు దండం. నేను పదో తరగతి దాక చదివిన, నాలుగెకరాలు ఉన్నది. మీ లెక్కలు సగం సమజైనయి, సగం కాలే. నాకు తెలిసింది చెప్తా.

మా పొలం కాడ 25 కేవీఏ ట్రాన్స్‌ఫారం. నాలుగు మోటర్లకని పెట్టిండ్రు, ఇప్పుడు ఏడు నడుస్తున్నయి. అందరివీ 5 హెచ్‌పీలని కాగితంల ఉంటది, బోరు లోతైనంక ఇద్దరు ఏడున్నర దించిండ్రు. పోయిన యాసంగిల ట్రాన్స్‌ఫారం కాలిపోతే ఏడిళ్లోళ్లం పైసలు జమచేసుకొని, మేమే దించుకొని, ట్రాక్టరు మీద వేసుకపోయి, తొమ్మిది దినాలు తిరిగితే మళ్ల వచ్చింది. వరి పొట్ట మీద ఉండె. ఒక మడి ఎండింది.

పొదుపు చెయ్యమంటే మేం వద్దనలే. మంచి కరెంటు ఇయ్యకుండ పొదుపు అంటే ఎట్ల? వోల్టేజీ లేకుంటే మోటరు గుంజుడు గుంజి వేడెక్కుతది, నీళ్లు సన్నగ వస్తయి, రెండు గంటల పని నాలుగు గంటలు అయితది. గా కరెంటు ఎవరి ఖాతాల రాస్తరు? నా ఖాతాలనా, మీ నష్టంలనా?

---

లెక్కల_ఏఈ | ఆదివారం, ఉదయం 9:48

అన్నా, మీరు అడిగిన చివరి ప్రశ్నకు నా ఫారంలో గడి లేదు. అదంతా 'వ్యవసాయం' కిందికే పోతుంది. అది మా తీగల లోపమే అయినా మీ వాడకంగానే రాస్తున్నాం.

---

తీగలపై_ధ్యాస | ఆదివారం, ఉదయం 11:15

పవర్ సిస్టమ్స్ చెప్పే లెక్చరర్‌ని. రైతన్న చెప్పినది ఫిజిక్స్ ప్రకారం అక్షరాలా నిజం. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలు. వోల్టేజీ పడినా, పవర్ ఫ్యాక్టర్ (గుంజిన కరెంటులో నిజంగా పనికొచ్చే పాలు) పడినా అదే పనికి ఎక్కువ కరెంటు గుంజాలి.

హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ పంపిణీ పద్ధతి) ఎందుకు తెచ్చారో ఇక్కడే అర్థమవుతుంది. ఒకప్పుడు ఊరికో 100 కేవీఏ డీటీఆర్ పెట్టి, దాని నుంచి ఎల్‌టీ లైను కిలోమీటర్ల కొద్దీ లాగేవారు. హెచ్‌వీడీఎస్‌లో 11 కేవీ లైనునే పొలం దాకా తీసుకెళ్లి, 15, 25 కేవీఏ చిన్న డీటీఆర్‌లు పెట్టి మూడు నాలుగు మోటార్లకు ఒకటి ఇస్తారు. అంతే శక్తిని 433 వోల్టులకు బదులు 11,000 వోల్టుల మీద పంపితే కరెంటు పాతికో వంతు. అదే తీగ, అదే దూరమైతే నష్టం దాదాపు ఆరువందల నలభయ్యో వంతు. ఇంత లాభం ఇంకే పొదుపు పథకంలోనూ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని పెద్ద ఎత్తున చేశారు కూడా.

కానీ నాలుగు మోటార్ల డీటీఆర్ మీద ఏడు మోటార్లు నడిస్తే ఆ లాభమంతా వైండింగ్ వేడిలోనే కరిగిపోతుంది. పెట్టడం ఒక పని, కాపాడుకోవడం ఇంకో పని.

ఇక పవర్ ఫ్యాక్టర్‌ను పెంచే కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ చాలు. పవర్ ఫ్యాక్టర్ 0.7 నుంచి 0.9కి వస్తే లైనులో కరెంటు 22 శాతం తగ్గుతుంది, ఆ లైను నష్టం 40 శాతం దాకా తగ్గుతుంది. ఇంత చిన్న డబ్బాతో ఇంత పని! క్లాసులో ఈ లెక్క చేయించిన ప్రతిసారీ పిల్లలు 'మరి అందరూ ఎందుకు పెట్టరు సార్' అని అడుగుతారు.

---

రిటైర్డ్_ఏడీఈ | ఆదివారం, మధ్యాహ్నం 12:20

ఎందుకు పెట్టరో నేను చెబుతాను. కెపాసిటర్ వల్ల లాభం లైనుకు, డీటీఆర్‌కు, అంటే డిస్కంకు. కొనే ఖర్చు రైతుది. మీటరు లేని రైతుకు బిల్లులో తేడా కనపడదు. చెడిపోతే మళ్లీ ఎవరు కొంటారు?

2004 మేలో ఉచిత కరెంటు మొదలైంది. 2005 నాటికే దానికి షరతులు పెట్టారు, ఇప్పుడు చాలామంది మరిచిపోయారు. నాలుగు పనులు: తగిన కెపాసిటర్, రాపిడి తక్కువుండే ఫుట్ వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, ఐఎస్ఐ మార్కు మోటారు. ఈ నాలుగూ ఉంటేనే ఉచితం అని టారిఫ్ ఆర్డరులోనే ఉండేది. రైతు మీద పెట్టిన పొదుపు షరతుల్లో ఇంత స్పష్టమైనవి నేను మరి చూడలేదు.

అమలు సంగతికొస్తే, మేము ఊరూరా తిరిగి కెపాసిటర్లు బిగించాం. రెండేళ్లకు చూస్తే స్టార్టరు పక్కన డబ్బా ఉంటుంది, వైరు ఊడిపోయి ఉంటుంది. కాగితంలో మాత్రం 'ఉంది'. ఫుట్ వాల్వ్ మాట చెప్పనే అక్కర్లేదు, అది బావిలోకి దిగే గొట్టం కింద ఉండేది. బావులు ఎండి అందరూ సబ్‌మెర్సిబుల్‌కు మారాక ఫుట్ వాల్వే లేదు, షరతు మాత్రం ఉంది.

---

కొత్తగూడెం_కంట్రోల్‌రూమ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

మాట పంపిణీ దగ్గరే తిరుగుతోంది కాబట్టి ఉత్పత్తి వైపు నుంచి రెండు ముక్కలు. థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని చేస్తాను.

మాకు పాట్ పథకంలో లక్ష్యం హీట్ రేటు మీద. ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని కిలోక్యాలరీల బొగ్గు కాల్చామన్నదే లెక్క. యూనిట్ అంటే 860 కిలోక్యాలరీలు. 2400 కాల్చి ఒక యూనిట్ తీస్తే సామర్థ్యం 36 శాతం లోపే. అంటే వంద బొగ్గు లారీల్లో అరవై నాలుగు కూలింగ్ టవర్‌లోనో చిమ్నీలోనో పోయినట్టు. పాల్వంచలో పాత కేటీపీఎస్ ఏ, బీ, సీ స్టేషన్లు, మొత్తం 720 మెగావాట్లు, ఆపేశారు. పక్కనే 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ ఏడో దశ వచ్చింది. ఆ మార్పు మాకు పెద్ద పొదుపు. దానికి ర్యాలీలు, పోస్టర్లు ఏవీ లేవు.

ఇప్పుడు కొత్త చిక్కు ఏమిటంటే పగలు సోలార్ రావడంతో మమ్మల్ని లోడు తగ్గించమంటున్నారు. సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) 2023 నిబంధనల ప్రకారం 40 శాతం దాకా దిగగలిగేలా యూనిట్లను సిద్ధం చేయాలి. లోడు తగ్గితే హీట్ రేటు చెడుతుంది. కారు గతుకుల రోడ్డులో మొదటి గేరులో నడిపినట్టు. లక్ష్యం లెక్కలో దీనికి సర్దుబాటు ఉంది, అది లేకపోతే అన్యాయమే అయ్యేది.

డిస్కం వాళ్లకు ఒక్కటి గుర్తుచేస్తాను. మా దగ్గర బొగ్గు తూకానికి వేబ్రిడ్జి ఉంది, కరెంటుకు మీటరుంది. ఏదీ అంచనా కాదు. అందుకే మా మీద చట్టం పనిచేస్తోంది.

---

బోస్టన్‌లో_గోదావరి | ఆదివారం, సాయంత్రం 6:40

మాది రాజమండ్రి పక్క పల్లె. పదకొండేళ్లుగా మసాచుసెట్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ కరెంటు కంపెనీల మీద ఉన్న బాధ్యత వేరే రకం. 2008లో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కొత్తగా కరెంటు కొనడం కంటే పొదుపు చవకగా దొరికేచోట ముందు పొదుపునే 'కొనాలి' అని కంపెనీలను ఆదేశించింది. మూడేళ్లకోసారి ప్రణాళిక వేసి రెగ్యులేటరుకు చూపించాలి. డబ్బు మా బిల్లుల్లోంచే చిన్న చార్జీగా వస్తుంది. మా ఇంటికి మనిషి వచ్చి, అటక మీద ఇన్సులేషన్ చూసి, గాలి ఎక్కడ కారుతోందో యంత్రం పెట్టి కనిపెట్టి, సగానికి పైగా ఖర్చు పథకం నుంచే ఇప్పించాడు. టెక్సాస్ అయితే 1999లోనే ఇలాంటి లక్ష్యం పెట్టింది, అమెరికాలో అదే మొదటిది.

కంపెనీలు ఎందుకు ఒప్పుకుంటాయి? అమ్మకం తగ్గితే నష్టమే కదా? అందుకే అమ్మిన యూనిట్లకూ కంపెనీ రాబడికీ ముడి తెంపేశారు. కాలిఫోర్నియా కరెంటు విషయంలో ఈ పని 1982లోనే చేసింది. ఎన్ని యూనిట్లు అమ్మినా రెగ్యులేటరు ఒప్పుకున్న రాబడి వస్తుంది. అప్పుడు పొదుపు శత్రువు కాదు.

మన దగ్గర పరిస్థితి ఇంకా సులువు అనిపిస్తుంది. రైతుకిచ్చే ప్రతి యూనిట్ మీదా డిస్కంకు నష్టమే కాబట్టి, అక్కడ ఒక యూనిట్ ఆదా అయితే డిస్కంకు నేరుగా లాభం. రాజానగరం మండలంలో పాత మోటార్లు తీసి కొత్తవి ఉచితంగా పెట్టిన పథకం గురించి మా నాన్నగారు చెప్పేవారు. అలాంటివి ఎందుకు విస్తరించలేదు?

---

తీగలపై_ధ్యాస | ఆదివారం, రాత్రి 7:25

మోటారు మార్పు ఎంత విలువైనదో చిన్న లెక్క. లక్ష లీటర్ల నీళ్లను 60 మీటర్ల లోతు నుంచి ఎత్తాలంటే నికరంగా కావలసింది 16 యూనిట్ల కంటే కాస్త ఎక్కువ. పాత, రెండుసార్లు వైండింగ్ చేయించిన సెట్టు 30 శాతం సామర్థ్యంతో నడిస్తే 54 యూనిట్లు తాగుతుంది. మంచి స్టార్ రేటింగ్ సెట్టు 50 శాతంతో నడిస్తే 33 యూనిట్లు చాలు. అవే నీళ్లు, అదే మడి, 21 యూనిట్లు మిగులు.

---

రిటైర్డ్_ఏడీఈ | ఆదివారం, రాత్రి 8:10

> రైతుకిచ్చే ప్రతి యూనిట్ మీదా డిస్కంకు నష్టమే కాబట్టి, అక్కడ ఒక యూనిట్ ఆదా అయితే డిస్కంకు నేరుగా లాభం

బాబూ, నువ్వన్నది సగం నిజం. మిగతా సగమే ఈ చర్చకు అసలు విషయం.

విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ డబ్బు ప్రభుత్వం ముందుగా డిస్కంకు ఇవ్వాలి. ఎన్ని యూనిట్లకు ఇస్తుంది? కమిషన్ ఒప్పుకున్న వ్యవసాయ యూనిట్లకు. ఆ యూనిట్లు ఎక్కడివి? అంచనావి. అంటే వ్యవసాయ అంచనా పెరిగితే ఒకే దెబ్బకు రెండు జరుగుతాయి. సబ్సిడీ లెక్క పెరుగుతుంది, నష్టం లెక్క తగ్గుతుంది. ఎవరో దురుద్దేశంతో చేస్తారని నేననను. పల్లం వైపు నీరు పారినట్టు అంకె అటువైపు జారుతుంది, అంతే. కొత్త మోటారు పెట్టి నిజంగా 21 యూనిట్లు ఆదా చేశావనుకో, కొలవనప్పుడు అది అంచనాలోకి రాదు. కాబట్టి పెట్టిన డబ్బు తిరిగొచ్చిందని చూపించలేవు. చూపించలేని పొదుపుకు అప్పు ఎవరిస్తారు?

ఎల్ఈడీ బల్బుల పథకం ఎందుకు అంత బాగా నడిచింది? 60 వాట్ల బల్బు తెచ్చిస్తే 7 వాట్ల ఎల్ఈడీ చేతికిచ్చారు. లెక్క కళ్లకు కనపడింది, అందరూ కలిసి కొనడంతో ధర కూడా కిందికి దిగింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధి దీపాలు మార్చినప్పుడూ అంతే. మోటారు దగ్గర ఆ స్పష్టత రాలేదు.

---

కమర్షియల్_బిల్లు | ఆదివారం, రాత్రి 8:55

ఇంకో కోణం. నాది కోల్డ్ స్టోరేజీ. యూనిట్‌కు నేను కట్టేది సగటు ఖర్చు కంటే ఎక్కువ. నేను కంప్రెసర్ మార్చి పొదుపు చేస్తే డిస్కంకు ఆదాయం పోతుంది, అందుకని మాలాంటి వాళ్ల పొదుపు మీద డిస్కంకు ఉత్సాహం ఉండదు. పొలంలో పొదుపు కావాలి కానీ కొలవరు, నా దగ్గర కొలుస్తారు కానీ పొదుపు అక్కర్లేదు. చట్టం డిస్కం సొంత నష్టాన్నే చూస్తోంది, ఈ రెండోది చూడటం లేదు.

---

బషీర్‌బాగ్_జ్ఞాపకం | ఆదివారం, రాత్రి 9:40

మీరంతా చదువుకున్నవాళ్లు, మీటరు పెడితే పోయేదేముంది అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను రైతు సంఘంలో ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్నాను. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద నిరసనకు హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్‌కు వెళ్లినవాళ్లలో నేనున్నాను. కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ రోజు నుంచి మా పల్లెల్లో మీటరు అంటే బిల్లు, బిల్లు అంటే బాకీ, బాకీ అంటే ఫ్యూజు పీకడం. ఇది మొండితనం కాదు, అనుభవం.

2020-21లో శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు పెట్టి సబ్సిడీని రైతు ఖాతాలో వేసే ప్రయోగం మొదలుపెట్టారు. సంస్కరణలు చేస్తే అదనంగా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం రాష్ట్రాలకు చెప్పిన కాలం అది. తెలంగాణ వద్దంది. రైతు భయం ఏమిటంటే, ఇవాళ సబ్సిడీ ఖాతాలో పడుతుంది, రేపు పడకపోతే? గ్యాస్ సబ్సిడీ చూశాం కదా.

పొదుపు పేరుతో ఉచితం మీదికి రావొద్దు. అంతవరకే నా మాట.

---

లెక్కల_ఏఈ | ఆదివారం, రాత్రి 10:15

అన్నా, మీ మాటకు విలువిస్తూనే ఒకటి అడుగుతాను. మీటరు రైతు స్టార్టరు దగ్గర కాకుండా డీటీఆర్ దగ్గర ఉంటే? ఎవరి పేరూ ఉండదు. బిల్లు రాదు. ఆ డీటీఆర్ కింద ఉన్న మోటార్లు అన్నీ కలిపి ఎంత తాగాయో తెలుస్తుంది. చట్టం నా దగ్గర అడిగేది కూడా అదే. బీఈఈ నిబంధనలు ఫీడర్‌కూ డీటీఆర్‌కూ మీటరు కోరుతున్నాయి.

---

బషీర్‌బాగ్_జ్ఞాపకం | ఆదివారం, రాత్రి 10:31

డీటీఆర్ దగ్గర అయితే నాకు అభ్యంతరం లేదు. ఆ అంకె ఏ రైతు మీదా బాకీగా మారదని రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట చాలదు.

---

ఆడిటర్_బెజవాడ | సోమవారం, ఉదయం 6:20

ఎనర్జీ ఆడిటర్‌ని. డిస్కం ఆడిట్లు కొన్ని చేశాను, అన్నీ బయట రాష్ట్రాల్లో. రాత్రి చర్చంతా చదివాను.

మొదట ఒక అపోహ. ఏటీ అండ్ సీ నష్టం (సాంకేతిక, వాణిజ్య నష్టాలు కలిపినది), సాంకేతిక నష్టం ఒకటే అనుకుంటారు. ఏటీ అండ్ సీలో వసూలు కాని బిల్లులు కూడా కలుస్తాయి. ప్రభుత్వం సబ్సిడీ బాకీ ఒక్కసారి కట్టేస్తే ఆ ఏడాది ఏటీ అండ్ సీ బాగా తగ్గుతుంది, తీగలో మాత్రం ఒక్క యూనిట్ కూడా ఆదా కాదు. దేశం మొత్తం మీద 2020-21లో 22 శాతం ఉన్నది మరుసటి ఏడాదికి 16 చిల్లరకు దిగింది. ఒక్క ఏడాదిలో దేశంలో తీగలన్నీ మారవు కదా, అందులో వసూళ్ల పాత్ర పెద్దది. పొదుపు చట్టం కింద మనం చూడాల్సింది లోపలికి వచ్చిన యూనిట్లకూ బయటికి ఇచ్చిన యూనిట్లకూ ఉన్న తేడా మాత్రమే.

రెండోది, కొలిచినంత మాత్రాన రైతు నష్టపోడనడానికి పంజాబ్ ఉదాహరణ. 2018లో అక్కడ 'పానీ బచావో, పైసే కమావో' అని కొన్ని ఫీడర్ల మీద మొదలుపెట్టారు. కరెంటు ఉచితమే. చేరిన రైతుకు నెలకింత అని యూనిట్ల కోటా పెట్టి మీటరు పెట్టారు. కోటా కంటే తక్కువ వాడితే మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు రైతు ఖాతాలో వేశారు. ఎక్కువ వాడినా బిల్లు లేదు. ఇష్టమున్నవాళ్లే చేరారు. మీటరును భయం నుంచి విడదీసిన పద్ధతి నాకు తెలిసి అదే.

మూడోది గుజరాత్. 2003 నుంచి జ్యోతిగ్రామ్ కింద పొలాల ఫీడర్లను ఊళ్ల ఫీడర్ల నుంచి వేరు చేశారు. దాంతో ఒక్క మోటారుకూ మీటరు పెట్టకుండానే పొలానికి పోయేదెంతో ఫీడర్ దగ్గరే తేలింది. ఏఈ గారూ, మీ దగ్గర వ్యవసాయ ఫీడర్లు విడిగా ఉన్నచోట నుంచే మొదలుపెట్టండి. అక్కడ తెలియని సంఖ్యలు రెండే, డీటీఆర్ మీటర్లతో ఒకటి తీరిపోతుంది.

ఫారంలో అంచనాను అంచనా అని రాయడం తప్పు కాదు. ఎన్ని శాంపిల్ మీటర్లు పెట్టారు, వాటిలో ఆ మూడు నెలల్లో ఎన్ని పనిచేశాయి, ఎన్నిటి రీడింగు పక్కన పెట్టారు, అవి పక్కనే రాయండి. నేను ఆడిటర్‌గా వెళ్తే మొదట అడిగేది అదే. చట్టంలో జరిమానాలు ఉన్నాయి, 2010 సవరణతో 10 లక్షల దాకా పెరిగాయి, 2022 సవరణతో లక్ష్యం దాటిన ఇంధనం ధరకు రెట్టింపు దాకా అదనం. అయినా చేతకాని కొలతను దాచిపెట్టడం కంటే చూపించడమే మిమ్మల్ని కాపాడుతుంది.

---

బోరుబావి_రైతు | సోమవారం, ఉదయం 7:45

పంజాబ్ ముచ్చట మంచిగున్నది. మా దగ్గర గట్ల ఇస్తే కరెంటు రాంగనే మోటరును దానంతటదే చాలుజేసే ఆటోస్టార్టర్ ఎవ్వరు పెట్టరు.

ఆటోస్టార్టర్ సంగతి చెప్త. కరెంటు రాత్రి ఎప్పుడొస్తదో తెల్వని రోజులల్ల అది మాకు పాణం. పాములల్ల, తేళ్లల్ల చీకట్ల పోకుండ కాపాడింది. కరెంటు రాంగనే ఊర్ల మోటర్లన్నీ ఒక్కపారే గుంజుతుండె, ట్రాన్స్‌ఫారం గప్పుడే కాలుతుండె. 2018 జనవరి ఒకటి నుంచి 24 గంటలు ఇచ్చినప్పుడు తీసేయుమని ఊరూరు తిరిగి చెప్పిండ్రు. నేను తీసిన. తియ్యనోళ్లు ఉన్నరు. తియ్యనోళ్ల బోరు పొద్దుందాక పోస్తనే ఉంటది, మడి నిండి కాల్వల పడతది. నా బోరు నీళ్లు వాళ్ల బోరు గుంజుతది, భూమిలోపల గట్లు లేవు కద.

ఏడుగురం మాట్లాడుకుంటం. ట్రాన్స్‌ఫారం కాడ మీటరు పెట్టుండ్రి. నెలకోపారి ఆ అంకె పంచాయతీ బోర్డు మీద రాయాలె. మాకు కూడ తెల్వాలె ఎంత గుంజుతున్నమో. ఇంకో షరతు, నాలుగు మోటర్ల ట్రాన్స్‌ఫారం మీద ఏడున్నయని మీకు అప్పుడు తెలుస్తది, తెల్సినంక ఇంకో ట్రాన్స్‌ఫారం పెట్టాలె. కనెక్షను కట్ చేసుడు కాదు.

---

లెక్కల_ఏఈ | సోమవారం, రాత్రి 9:05

ఇవాళ మా పై అధికారి డీఈ గారితో మాట్లాడాను. అన్నీ కుదరవన్నారు, కొన్ని కుదిరాయి. విడి వ్యవసాయ ఫీడర్ ఒకటి తీసుకుంటున్నాం. దాని కింద ఉన్న ప్రతి డీటీఆర్‌కూ, శాంపిల్ కాకుండా అన్నిటికీ, మీటరు పెడతాం. స్టోర్స్‌లో ఉన్నవి సర్దితే సరిపోతాయి. ఓవర్‌లోడు తేలిన చోట అదనపు డీటీఆర్ ప్రతిపాదన అదే ఫైలులో పంపుతాను, విడిగా కాదు. అంకె రైతు మీద బాకీ కాదన్న మాట ఆ ఫైలులోనే రాయించమని అడిగాను, పైవాళ్లను అడిగి చెబుతానన్నారు. పంచాయతీ బోర్డు మీద రాయడానికి వెంటనే ఒప్పుకున్నారు.

ఈ త్రైమాసికం ఫారంలో శాంపిల్ మీటర్లు ఎన్ని పనిచేశాయో రాసి పంపుతున్నాను. అంకె చూస్తే బాధగానే ఉంది. అయినా ఉన్నదే రాస్తున్నాను.

---

రిటైర్డ్_ఏడీఈ | సోమవారం, రాత్రి 9:50

మంచి పని తమ్ముడూ. మీటర్లు బిగించేటప్పుడు నువ్వు స్వయంగా నిలబడు. 100 కేవీఏ డీటీఆర్‌కు ఎల్‌టీ వైపు ఫుల్ లోడు 133 యాంపియర్లు, 150/5 సీటీలు పడతాయి, మీటరు చూపిన దాన్ని 30తో గుణించాలి. 25 కేవీఏకు 50/5, గుణకం 10. ఆ గుణకాన్ని డబ్బా మీద పెయింటుతో రాయించు, రిజిస్టరులోనూ రాయించు. డీటీఆర్ మార్చిన రోజు పాత రీడింగు, కొత్త రీడింగు ఒకే పేజీలో ఉండాలి. మూడు ఫేజుల్లో ఒక సీటీ తిరగబడి పెట్టినా మూడో వంతే చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. క్లాంప్ మీటరు వెంట తీసుకెళ్లి మూడు ఫేజులూ సరిచూసుకో. మీ ఊరు దగ్గరైతే చెప్పు, మొదటి రోజు నేనూ వస్తాను.